మా రేకులింట్ల పోలీసుల చాయ

గప్పటి దినాలల్ల ఇంటి మీద ఇనుప రేకులుంటె నెత్తిమీద కిరీటమున్నట్టు లెక్క. గా కిరీటం కింద ఎంత ఉడుకుతదో మోసినోల్లకే ఎరుక. నేను కథలాపూర్ల పుట్టి, సిరిసిల్ల మగ్గమోల్లింటికి కోడలుగ అచ్చిన ఏడే, అరవై తొమ్మిదిల, తెలంగాణ కొట్లాట లేసింది. కోతులు పెంకలు పలుగగొడుతున్నయని మా అత్త సల్లటి గూనపెంకలు దింపిచ్చి, కోరుట్ల నుంచి రేకులు తెప్పిచ్చి కప్పిచ్చింది. కోతులు మల్ల రాలే. (కాళ్లు కాల్తయ్ గదా, మాకంటె తెలివిగలయి.) పగటీలి లోపల కూసుంటె మంగలంల పేలాలోలె ఏగుడే. ఎనుక మేకల కొట్టానికి మాత్రం తాటికమ్మలే. నేను ఆడ జొరవడి పండుకుంటె, 'మహలసొంటి ఇల్లు ఇడిసి మేకల నడుమ పంటవేందే?' అని అత్త తిట్టేది.

జగిత్యాల్ల సదువుకునే మా మరిది ఇంటికచ్చి, జులూసుల ముంగట నడిచిండు. పోలీసులు ఎంటవడితే ఉరికచ్చి గా కొట్టంలనే గడ్డి కింద దాసుకున్నడు. ఎనుకనే జమేదారు, ఇద్దరు జవాన్లు. వాకిట్లకెల్లే ఇంట్లకు తొంగి సూసిండ్రు, దొరకలే. పోతరనుకుంటె, ఎండకు తాళలేక కొట్టం నీడకే కూసుండిరి. 'పోరడు అచ్చేదాక గీడనే ఉంటం' అన్నడు జమేదారు. గప్పుడే గడ్డిలకెల్లి గుర్రుమని సప్పుడు. దొంగసచ్చినోడు నిద్రవోయిండు!

'ఏందమ్మా గది?' 'ముసలి మేకపోతు సాబ్, రోగమచ్చింది. మనుషులకు అంటుకుంటదట.' అని నేనన్న. కొంగు నెత్తిమీదికి గుంజి, 'సర్కారోల్లను మేకల కాడ కూసోబెడితె మా అత్త ఇజ్జతేం గావాలె? వాడకట్టుల రేకులిల్లు మాదొక్కటే, లోపలికి రాండ్రి' అన్న. రోగానికో, మర్యాదకో, లేసిండ్రు. దుమ్మస్తదని తలుపు దగ్గరికేసిన, కిటికీ మూసిన, పొయ్యి ముట్టిచ్చి ఉడుకుడుకు చాయ పోసిన. నెత్తిమీద రేకులు టక్కుటక్కుమంటున్నయ్. జమేదారు టోపి తీసిండు, బెల్టు వదులు జేసిండు. 'గిండ్ల ఎట్ల బతుకుతుండ్రమ్మా?' 'అలవాటు సాబ్. ఇంకింత చాయ పోయాల్నా?' గిలాస ఆడనే వెట్టి బయటవడ్డడు. 'గీ కొంపకు పోరడు రానే రాడు, పాండ్రి' అని జవాన్లను దోలుకపోయిండు.

మరిది కండ్లు నలుసుకుంట లేసి, 'ఒదినే, బువ్వైందా?' అన్నడు. అత్తేమో వాడంత తిరిగి, 'నా రేకులే నా కొడుకును కాపాడినయ్' అని చాటింపు. ఇగ గా రేకులు దిగుడు కల్లనే అని నాకు సమజైంది.

గిప్పుడు అత్త లేదు, ఇంటాయన లేడు. స్లాబిల్లు, నెత్తిమీద పంక. ఎవలన్న అచ్చి శానసేపు కూసుంటె, పంక బందువెడ్దునా అని చెయ్యి ఇంకా లేస్తది. లేసిన చెయ్యి సూసి నేనే నవ్వుకుంట. మల్ల దించుకుంట. గిప్పుడు కూసున్న మనిషి లేసిపోతడంటెనే నాకు భయం.