సన్నటి చప్పుడు

గోదావరిఖనిలో మా చర్చిలో గిటార్ వాయించే కాకది బొగ్గుబాయిలో డ్యూటీ. బాయిలో పైకప్పు వదులైందేమోనని కర్రతో కొట్టి విన్నట్టే, ఏ వస్తువునైనా వేలితో కొట్టి చెవి పెట్టేవాడు. గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్‌నూ అంతే.

ఆయన గిటార్‌కు కాలితో నొక్కే రెండు పెడళ్లుండేవి. కంప్రెసర్ గట్టి, మెల్లని మీటులను సమం చేసేది. నాయిస్ గేట్, తీగలు ఆగగానే ఆంప్ గురగురను మూసేసేది. ఓ ఆదివారం, ఫిజిక్స్ టీచర్నన్న గర్వంతో గేట్‌ను నేనే బాగా బిగించాను. గురగుర పోయింది. పాట చివర కాక మెల్లగా మీటిన స్వరం కూడా సగంలోనే తెగిపోయింది.

కాక వంగి, నాబ్ వెనక్కి తిప్పాడు.

"గుర్రుమంటె అననీ టీచరమ్మా. బాయిల కప్పు కూలేముందు సన్నగ పలికింది గనకనే మేం ఉరికి బతికినం."

కాక లేడు. ఇప్పుడా గిటార్ నేనే వాయిస్తున్నాను, గేట్‌ను బిగించకుండానే. కొత్తవాళ్లు ఆ గురగుర ఏందని అడుగుతారు.

"మా కాక," అంటాను.