ఎర్ర పట్టీ

వానకోట్లు కుట్టుకునే అక్క పడవలకు పావడాలు కుట్టడం తమ్ముడి వల్లే మొదలైంది. వాడి కయాక్ మనిషిని నడుందాకా మింగే సన్నటి పడవ. ఆ నోట్లోకి నీళ్లు దూరకుండా, ఒక అంచు నడుముకూ ఒక అంచు పడవ నోటికీ బిగిసే రబ్బరు గుడ్డ కావాలి. కొట్లో కొన్నది చిరిగిపోతే అక్క ఒకటి కుట్టిచ్చింది. అది చూసి వాడి స్నేహితులంతా వరస కట్టారు.

"మా అక్క పడవలకి పావడాలు కుడుతుంది," అని వాడే ఊరంతా టాంటాం వేశాడు.

ముందు గదిలో మిషను, కిటికీకి ఆనించిన గుడ్డ చుట్టలు, ఎప్పుడూ జిగురు వాసన. ప్రతి పావడాకూ ముందువైపు ఎర్ర పట్టీ ఉంటుంది. పడవ తిరగబడితే దాన్ని లాగాలి. గుడ్డ ఊడి మనిషి బయటపడతాడు. తొందరలో పట్టీ గుడ్డ కింద ఇరుక్కుందా, ఇక లాగడానికేమీ ఉండదు. అందుకే ఎవరొచ్చినా కళ్లు మూయించి, పొట్ట ముందు తడిమి పట్టీ వెతకమనేది. దొరికితేనే సరుకు ఇచ్చేది.

"కొనేవాళ్లతో దాగుడుమూతలేంటే అక్కా?"

"నోరు మూసుకుని కళ్లు మూసుకోరా."

జలపాతం ఊరికి ఎగువనే ఉన్నా, ఆమె దాన్ని ఎన్నడూ చూడలేదు. కలల్లో మాత్రం వచ్చేది. చప్పుడు లేకుండా, మిషను మీంచి జారే తెల్లగుడ్డలా, ఎంత జారినా నేల అందకుండా. దానిమీద బొత్తామంత తమ్ముడు.

వాడు పడవతో అక్కణ్ణించి దూకుతానన్న రోజు, రాను రానంటూనే వెళ్లింది.

నిచ్చెన అని అందరూ పిలిచే వాడి స్నేహితుడు కింద మడుగులో తాడు పట్టుకుని తన పడవలో ఉన్నాడు. అక్క పైన బండ మీద నిలబడింది. నది అక్కడ ఇస్త్రీ చేసినట్టు నునుపుగా ఉంది. కాస్త ముందుకెళ్తే నదే లేదు.

అవతలి ఒడ్డువార నిలకడ నీళ్లలోకి తమ్ముడు పడవ జరిపి తెడ్డు ఊపాడు. ఆమె చూపు అలవాటుగా వాడి పొట్ట దగ్గరికి పోయింది.

ఎరుపు లేదు.

"ఒరేయ్, పట్టీ!"

హోరులో ఆమె కేక ఆమెకే వినబడలేదు. చేతులు ఊపింది. వాడూ ఉత్సాహంగా ఊపాడు.

అప్పుడామె ఊపడం మానేసింది. కళ్లు మూసుకుని, పొట్ట ముందు గాలిలో చెయ్యిపెట్టి తడుముకుంది. రెప్పల మీద తుంపర పడుతోంది. వాడు చూస్తున్నాడో, అంచు దాటిపోయాడో తెలియదు. కళ్లు తెరవడానికి ధైర్యం చాల్లేదు.

తెరిచేసరికి వాడు ఒడ్డుకానుకుని, పక్క అంచు కింద వేళ్లు దూర్చి గుడ్డ ఊడదీస్తున్నాడు. మళ్లీ బిగించాడు. ఈసారి ఎర్రగా కనబడింది.

పడవ జలపాతం అంచు దగ్గర ఏదో గుర్తొచ్చినట్టు ఒక్క క్షణం ఆగి, ముక్కు వంచి మాయమైంది. హోరు కూడా ఆగిపోయినట్టే అయింది ఆమెకు. తెల్లగుడ్డ జారుతూనే ఉంది. చాలా కింద పడవ బోర్లా తేలింది. నిచ్చెన దానివైపు తెడ్డు వేస్తున్నాడు. పడవ పక్కన ఓ తల పైకి లేచింది.

ఆమె దిగి వెళ్లేసరికి తమ్ముడు రాళ్ల మీద కూర్చుని వణుకుతున్నాడు. గుడ్డ నడుముకు వేలాడుతోంది. పట్టీ ఇంకా పిడికిట్లోనే ఉంది.

"ఒక్క లాగుడుకే ఊడిందా?"

వాడు తలూపాడు.

"ఇక వదులు. కుట్టు చూడాలి."

వాడి వేళ్లు విచ్చుకోలేదు. పక్కనే కూర్చుని ఆమే ఒక్కొక్కటీ విడదీసింది.

మడుగులో నిచ్చెన ఎవరూ చెప్పకుండానే కళ్లు మూసుకుని పొట్ట ముందు తడుముకుంటున్నాడు.