కుక్క చెప్పులు

మా నాన్న తెనాలిలో చెప్పులు కుట్టేవాడు. కుట్టేవాడంటే అతుకులు వేసేవాడని కాదు. తోలు తెచ్చి, కోసి, కొత్త జత చేసేవాడు. ఈ తేడా తెలియకుండా మాట్లాడితే ఆయనకి కోపం వచ్చేది. ఇప్పుడు నాకొస్తుంది.

ఎనభైల్లో బజారు నిండా రబ్బరు చెప్పులు దిగాక కొత్త జత అడిగే దిక్కు లేకుండా పోయింది. తెగిన పట్టీ, ఊడిన బొటనవేలి ఉంగటం, ఇంతే పని. రైసు మిల్లులో వాచ్‌మన్‌గా చేరమని బాబాయి పోరుతుంటే, "ఈ చేతుల్తో కర్ర పట్టుకుని కూర్చోమంటావేంట్రా?" అని కస్సుమనేవాడు. కొత్త జత కుట్టే పని ఎక్కణ్ణించైనా రావాలి, లేదంటే ఆ కర్రే గతి.

ఆ పని ఒక కుక్క తెచ్చింది. తెగిన బ్యాగు కుట్టించుకోవడానికి వచ్చిన బాపట్ల అమ్మగారు ఒకావిడ, రోహిణి కార్తె ఎండలకి తారురోడ్డు మీద తమ కుక్క అరికాళ్ళు బొబ్బలెక్కాయని, దానికేమన్నా తొడుగులు కుట్టగలరా అని అడిగింది. నాన్న నా వైపు చూశాడు. నేను ఇంటర్ తప్పి, మిషన్ కుట్టడం నేర్చుకుని ఇంట్లో ఉన్నాను. ఆయన కంటే ముందే "కుడతామండి" అనేశాను.

వీధిలో నవ్వని మనిషి లేడు. "కుక్క చెప్పు కరుస్తదని తెలుసు గానీ తొడుక్కుంటదని ఇప్పుడే వింటన్నాం మావా" అని చర్చి మెట్ల మీద కూడా ఆటపట్టించారు. నాన్న చెవిన పెట్టలేదు.

కొలతకి ఇద్దరం రైలెక్కి బాపట్ల వెళ్ళాం. కొలతకి ఆయనది ఒకటే పద్ధతి. కాగితం నేలమీద పరిచి, మనిషిని దాని మీద నుంచోబెట్టి, పాదం చుట్టూ పెన్సిలుతో గీసేవాడు. బరువు పడితేగానీ కాలి అసలు వెడల్పు తెలియదనేవాడు. ఇంకో కారణం ఉంది, అది పైకి చెప్పేవాడు కాదు. మా కులం తెలిసినవాళ్ళు పాదాన్ని ఆయన చేతికి తగలనిచ్చేవాళ్ళు కాదు. పెన్సిలు దగ్గరకొస్తేనే వేళ్ళు ముడుచుకునేవాళ్ళు.

ఆ కుక్క మాత్రం, నాన్న వరండాలో కూర్చోగానే వచ్చి, ముందుకాలు ఎత్తి ఆయన అరచేతిలో పెట్టింది. ఎవరు నేర్పారో. నాన్న ముఖం అలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఒక్కో కాలూ చేతిలోకి తీసుకుని, వదలడం ఇష్టం లేనట్టు నిదానంగా గీశాడు.

పైన మేకతోలు, అడుగున సైకిల్ టైరు ముక్క, పైన బిగించడానికి తాడు. తోలు ఆయన కోశాడు, నేను మిషన్ మీద కుట్టాను, అడుగు ఆయన ఆరెతో పొడిచి చేత్తో కుట్టాడు. తొడిగిన రోజు కుక్క బురదలో కోడిలా నాలుగడుగులు వేసి, ఆ తర్వాత గేటు దాకా పరిగెత్తింది. అమ్మగారు చప్పట్లు కొట్టింది. రేపల్లెలో ఉన్న వాళ్ళ చుట్టాలు తమ కుక్కలకీ కావాలన్నారు. కొట్టు ముందు బోర్డు రాయిద్దామన్నాడు నాన్న. దాని మీద కుక్క బొమ్మ ఉండాలా వద్దా అని అన్నం దగ్గర ఇద్దరం పోట్లాడుకున్నాం. మా ఇంట్లో అంత సంతోషంగా పోట్లాడుకున్నది అప్పుడే.

వానాకాలానికని అదే కొలతతో ఇంకోసారి కుట్టి, పట్టుకుని మళ్ళీ బాపట్ల వెళ్ళాం. కుక్క వరండాలో పడుకుని ఉంది. ముందుకాళ్ళు రెండింటికీ కట్లు. చెప్పులు బిగుతై, వేళ్ళు ఒరుసుకుపోయి, గోరు లోపలికి దిగి చీము పట్టిందట. నాన్న చెయ్యి చాచాడు. అది ఆ చేతిని చూసి మూలిగి, కాళ్ళు రెండూ పొట్ట కిందికి ముడుచుకుంది.

అమ్మగారు తిట్టినా బాగుండేది. "నీ తప్పేం లేదులేవయ్యా. కుక్కకి చెప్పులేంటి, మాకే బుద్ధి లేదు" అంది.

తిరుగు రైల్లో నిడుబ్రోలు దాటాక నాన్న, "నుంచోబెట్టి గియ్యలేదమ్మా. చేతిలో పెట్టింది గదా అని..." అన్నాడు.

రేపల్లె పని చెయ్యలేనని కబురు పంపాడు. నేను ఎంత పోరినా వినలేదు. ఆ నెలలోనే మిల్లు గేటు దగ్గర కర్ర పట్టుకుని కూర్చున్నాడు. నాకు ఆ కుక్క మీద చాలా ఏళ్ళు కోపం ఉండేది. పాపం, అదేం చేసింది? అయినా ఉండేది.

తొంభైల్లో నాన్నకి షుగరు ముదిరి పాదాలు వాచిపోయాయి. ఏ చెప్పులూ పట్టలేదు. నేను కుడతానని కాగితం, పెన్సిలు తెచ్చాను. ఆయన లేచి నుంచోలేకపోయాడు. మంచం పక్కన కూర్చుని చెయ్యి చాచాను. చటుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు. కన్నకూతురి చెయ్యి అది.

"ఇటియ్యి నాన్నా" అన్నాను.

కాసేపటికి పాదం నా అరచేతిలో పెట్టాడు. చుట్టూ కాస్త వదిలి గీశాను.

"ఎక్కువైందే" అన్నాడు.

"నుంచుంటే సరిపోద్దిలే."

నాన్న మళ్ళీ నుంచోలేదు. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు ఆ చెప్పులు నేనే తొడిగాను. వదులుగానే ఉన్నాయి.