ఈనె పక్కకు జరిగిన గడ్డి

మా ఆవిడ పోయిన నెల చనిపోయింది. మద్రాసు పెరంబూరులో మా ఇంట్లోనే, పొద్దున కాఫీ తాగి, లోటా తొట్టిలో పెట్టబోతూ కూలబడింది. డాక్టరు వచ్చేసరికి అయిపోయింది. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామంది ఊళ్ళు మారారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. పూలను అందరూ చూస్తారని తను గడ్డిని పట్టుకుంది. నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. మాకు పిల్లల్లేరు. సాయంత్రాలు పట్టాల పక్క గోడ వెంట నడిచేవాళ్ళం. ఆమె నాలుగడుగులు వేసి వంగేది. ఆకు కాండాన్ని అంటుకునే చోట విప్పి, అక్కడ పల్చటి పొర ఉందా, నూగు ఉందా అని చూసేది. పక్కింటావిడ ఒకసారి అడిగింది.

"ఏమక్కా, దినమూ గడ్డి పీక్కోని పోతా ఉండావే, ఇంట్లో మేకేమన్నా పెంచుతా ఉండావా?"

"ఒకటుంది. పేపరు చదువుతా ఉంటాది."

నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఇంట్లో ఆమెకు పనిచోటు వంటగది బల్ల. క్యారెట్ ముక్కను చీల్చి, చీలికలో ఆకు పెట్టి, షేవింగు బ్లేడుతో రెండిటినీ కలిపి పల్చగా కోసేది. ఆ కోతలు సాసర్లో నీళ్ళమీద తేలేవి. ఎన్నో కోస్తే ఒకటి పనికొచ్చేది. మిగిలిన క్యారెట్ పొరియల్ కూరలోకి పోయేది. మంచి కోత పడితే మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను పిలిచేది.

"ఈడ రాండి. ఒక కన్ను మూసుకోని చూడండి."

"బొక్కలు కనపడుతున్నాయి."

"బొక్కలు కాదు స్వామీ, ఈనెలు. వాటి చుట్టూ కణాలు ఎట్ల వరస కట్టినాయో చూడండి. ఏ గడ్డి ఏ ఇంటిదో ఆ వరసే చెప్తుంది."

తర్వాతి కాలంలో జన్యువుల పరీక్షలు వచ్చాయి. ఆమె దగ్గర పరిశోధన చేసిన అమ్మాయి ఒక ప్రయోగశాలలో చేరాక, ఈమె ఆకులు అక్కడికి పంపేది. ఫలితం వచ్చేదాకా దేనికీ పేరు రాసేది కాదు. "కోత ఒకటి చెప్పి జన్యువు ఇంకోటి చెప్తే, పొరపాటు నా బ్లేడుదే అనుకోని మళ్ళీ కోస్తా" అనేది.

మా నాన్న తద్దినం నాడు జరిగింది చెప్పాలి. అయ్యవారు నా వేలికి దర్భ ఉంగరం, అదే పవిత్రం, తొడగబోతున్నారు. ఈమె వంటింట్లోంచి వచ్చి కట్టలోంచి ఒక పోచ తీసి వెలుతురుకు పట్టింది.

"ఇది దర్భ కాదు అయ్యవారూ. ఈనె చూడండి, నడిమధ్యన లేదు, పక్కకు జరిగి ఉంది. దర్భకైతే సరిగ్గా మధ్యలో ఉంటుంది."

"మా నాయన కాలం నించి ఇదేనమ్మా."

"మీ తప్పేం లేదు. కొట్టువాడు ఏది కట్ట కట్టి ఇస్తే అదే కదా. ఊరంతా ఇదే." తర్వాత నావైపు తిరిగింది. "నాకు పెట్టేటప్పుడన్నా అసలుది వెతకండి."

అందరం నవ్వాం. అయ్యవారు కూడా.

ఆమె పోయాక, కర్మ రోజు దగ్గర పడుతుంటే, నాకు మిగిలిన పని అదొక్కటే అనిపించింది. జార్జి టౌన్‌లో పూజ సామాన్ల కొట్లకు వెళ్ళాను. మొదటి కొట్లో కట్ట విప్పి చూశాను. ఈనె పక్కకు ఉంది. రెండో కొట్లోనూ అంతే. ఆ కొట్టాయన మన తెలుగాయనే.

"ఏంది సార్, ఒక్కో పోచా తిప్పి తిప్పి చూస్తా ఉండారు? బంగారమా?"

చెప్పాను. ఆయన కట్ట పక్కన పెట్టాడు. స్టూలు జరిపాడు. "కూర్చోండి సార్. మాకాడ ఉండేది ఇదే. వేరేది ఉందని మాకు తెలవనే తెలవదు."

ప్రయోగశాలలో చేరిన ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. మర్నాడు వచ్చి నన్ను ఎన్నూరు పక్కన ఉప్పు నేలల్లోకి తీసుకెళ్ళింది. ఒక తుప్ప దగ్గర ఆగింది.

"ఇదే సార్. మేడమ్ కోత, మా పరీక్ష, రెండూ ఒకటే చెప్పినాయి. పేరు రాయండి మేడమ్ అంటే, సరే సరే, ముందు టిఫిన్ తిందాం పద అన్నారు."

నేనొక ఆకు తీసి వెలుతురుకు పట్టాను. ఈనె మధ్యలో ఉంది.

కర్మ నాడు పొద్దున్నే కోసి తెచ్చిన కట్టను అయ్యవారు చేతిలోకి తీసుకుని వేళ్ళతో నలిపి చూశారు. "బిరుసుగా ఉందే" అన్నారు. తర్వాత నా ముఖం చూశారు. "అమ్మ చెప్పిందే తెచ్చినారా." మొదటి పోచ ముడి పడకుండా విరిగింది. నీళ్ళు తెప్పించి తడిపి, ఓపిగ్గా మళ్ళీ అల్లారు. వచ్చిన బంధువుల్లో ఎవరికీ ఇదేమీ తెలియదు. ఇది సరైన గడ్డేనని చూసి చెప్పగలిగిన మనిషికే ఆ రోజు పిండం పెట్టాను.

మధ్యాహ్నానికి అందరూ వెళ్ళిపోయారు. వాడగా మిగిలిన పచ్చి ఆకులు కొన్ని వంటగది బల్లమీద ఉన్నాయి. తీసి పారేద్దామని వెళ్ళి ఆగిపోయాను. పొద్దున వెడల్పుగా ఉన్నవి ఎండుతూ, రెండు అంచులూ లోపలికి తిరిగి, సన్నటి గొట్టాల్లా చుట్టుకుపోతున్నాయి. ఇన్నేళ్ళలో ఇది ఆమె నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎందుకలా చుట్టుకుంటాయో అడగాలని నోటిదాకా వచ్చింది. వాటికి గాలి తగలకుండా ఫ్యాను ఆపి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చివరి ఆకు ఇంకా సగం తెరిచే ఉంది.