ఇటలీ కొండదారిలో టేకుమట్ల మనిషి

ఆఫీసు పని మీద ఇటలీ వచ్చిన నేను, ఈ రోజు సెలవు దొరికిందని సముద్రం పక్కన కొండల మీది కాలిబాటలో ఒంటరిగా నడిచాను. భూపాలపల్లిలో ఉన్న అమ్మకు వీడియో కాల్‌లో అదంతా చూపిస్తూ, బాట రెండుగా చీలిన చోట కిందికి దిగే దారి పట్టాను.

వెనక నుంచి కేక వినిపించింది. "అక్కా, ఆగు! గటు పోకు, ముంగట తొవ్వ కూలింది!"

ఇక్కడ మన మాటా! బిగుసుకుపోయాను. ఒక నడివయసు మనిషి పరుగున వచ్చి, ముందున్న పొదను పక్కకు వంచి చూపించాడు. నాలుగడుగుల అవతల బాట లేదు. ఎక్కడో కింద సముద్రం ఉంది.

"నాకు తెలుగు వచ్చని ఎట్ల తెలిసింది అన్నా?" అన్నాను, వెనక్కి జరుగుతూ.

"మాది మీ భూపాలపల్లి దిక్కే, టేకుమట్ల. ఈడ నిమ్మతోటల పనిచేస్త. నువ్వు మీ అవ్వతోని మాట్లాడంగ ఇన్న. మనోళ్ల మాట ఇని రెండేండ్లయింది. పిలుద్దామంటే సిగ్గయి, ఇనుకుంట ఎనకనే వచ్చిన."

అమ్మ ఫోన్‌లోంచే, "తమ్మీ, తిన్నవా?" అని అడిగింది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

ఫోన్ మాట్లాడుతూ నడవొద్దంటారు. ఇవాళ నేను మాట్లాడకుండా నడిచి ఉంటే? మీరే చెప్పండి.