సంతకం మేరకు

మహానుభావుల సంతకాలంటే ఆ దర్జీకి చచ్చేంత పిచ్చి. వాళ్ల ఉత్తరాలు ఎవరింట్లో ఉన్నాయని విన్నా వెళ్లి, కాళ్లావేళ్లా పడి తెచ్చుకునేవాడు. ఆల్బమ్‌లో అన్నీ ఒకే కొలతలో ఉండాలని సంతకం మేరకు కత్తిరించి అతికించేవాడు. మిగతా కాగితంలో గుండీలు పొట్లం కట్టేవాడు.

మొన్న ఒకావిడ కొట్టుకి వచ్చింది. అప్పట్లో ఆమె తాత జైల్లో ఉన్నప్పుడు ఓ పెద్ద నాయకుడు ఆయనకి రాసిన ఉత్తరం, తర్వాత ఈ దర్జీ చేతికే వచ్చింది.

"సంతకం మీరే ఉంచుకోండి బాబాయ్. తాతయ్యకి ఆయన ఏం రాశారో చూసి పోతాను."

దర్జీ ఆల్బమ్ తెరిచి చూపించాడు.

"కత్తిరించేశానమ్మా."

ఆవిడ ఆ ముక్కను చాలాసేపు చూసింది.

"పోనీలెండి. కత్తిరించే ముందు చదివే ఉంటారుగా, గుర్తున్నంత చెప్పండి."

దర్జీ మెడలోని కొలత టేపు తీసి, మళ్లీ మెడలోనే వేసుకున్నాడు.

"కొలత ఒక్కటే చూశానమ్మా."