నూతి మీద పడ్డ చెట్టు, రాయప్ప రంపం

నూజివీడులో పవర్ స్ప్రేయర్లు బాగుచేసే చిన్నరాయప్పకి చెవులు సరిగా వినపడవన్న సంగతి మామిడి తోటలున్న ప్రతి ఊళ్ళోనూ తెలుసు. ఆగిరిపల్లి నుంచి చాట్రాయి దాకా ఎవరి స్ప్రేయర్ మొరాయించినా సైకిలు వెనక కట్టుకుని అతని కొట్టుకే తెచ్చేవాళ్ళు. తెచ్చినవాళ్ళు దాని జబ్బేమిటో అతనికి చెప్పేవాళ్ళు కాదు. పక్కన స్టూలు మీద కూర్చునే అతని భార్య సవరమ్మకి చెప్పేవాళ్ళు. ఆవిడ మొగుడి మొహంలోకి చూస్తూ, గొంతు పెంచకుండా, పెదవులు మాత్రం బాగా కదిపి అదే మాట మళ్ళీ చెప్పేది. అతను తలూపి పానా అందుకునేవాడు.

చెవులు పోవడానికి కారణం ఆ స్ప్రేయర్లే. కుర్రతనంలో పన్నెండేళ్ళ పాటు, పూత మీద మందు కొట్టే రోజుల్లో, తెల్లారిన దగ్గర్నుంచీ పొద్దుగూకేదాకా ఆ ఇంజను వీపుకి తగిలించుకుని తోటలన్నీ తిరిగాడు. ముందు కుడిచెవి పోయింది. తర్వాత ఎడమది సగం పోయింది. ఇక కూలికి వెళ్ళడం మానేసి రిపేరు కొట్టు పెట్టాడు. మిగతా మెకానిక్కులు ఇంజను చప్పుడు విని జబ్బు చెబితే, రాయప్ప అరచెయ్యి ఆనించి చెప్పేవాడు. అదురు ఎలా ఉంది, వేడి ఎక్కడుంది, పొగ ఎంత విసురుగా వస్తోంది, అన్నీ వేళ్ళకే తెలిసేవి.

ఆ కొట్టు అటక మీద ఒక మోటారు రంపం ఉండేది. డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చినప్పుడు చర్చి వాళ్ళు సాయానికి మనుషుల్ని పంపితే రాయప్ప కూడా దివిసీమ వెళ్ళాడు. ఎవరో విదేశం నుంచి పంపిన ఆ రంపంతో నెల రోజులు రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లు కోశాడు. పని అయ్యాక ఫాదర్ గారు దాన్ని అతనికే ఇచ్చేశారు. తెచ్చిన కొత్తలో ఏడాదికోసారి దించి నడిపేవాడు. మామిడి మీద బతికే ఊళ్ళలో దాంతో పనేముంటుంది? ఆ నడపడమూ మానేశాడు. నాలుగేళ్ళుగా దాన్నెవరూ ముట్టుకోలేదు.

ఎనభై ఆరు మే నెలలో ఒక మధ్యాహ్నం మూడింటికి గాలిదుమారం లేచింది. అరగంట పాటు ఊరంతా ఎర్రటి దుమ్ము. రేకులు లేచాయి, కొమ్మలు విరిగాయి. గాలి కాస్త తగ్గుతుండగా కాయలు తోలే మెటాడోర్ ఒకటి కొట్టు ముందు కీచుమని ఆగింది. అందులోంచి సుబ్రహ్మణ్యం గారు దిగారు. ఆయన నూజివీడులో మామిడికాయల వ్యాపారి. రెడ్డిగూడెం దారిలో ఒక తోట ఆ ఏడు ఆయనే కౌలుకి తీసుకున్నారు. ఎప్పుడూ నలగని తెల్లచొక్కా ఇవాళ మట్టి కొట్టుకుపోయి ఉంది.

"సవరమ్మా, మీ ఆయన దగ్గర మోటారు రంపం ఉండాలి, ఉందా?"

"ఉందండి. అటక మీద పడుంది. ఏమైందండి?"

"నూతిలో మనిషున్నాడమ్మా. బసవపున్నారావని, పూడిక తీస్తున్నాడు. గట్టు మీద నాటు మామిడి వేళ్ళతో సహా లేచి నూతి మీద పడింది. కొమ్మలు లోపలికి దిగిపోయాయి. కాలో చెయ్యో విరిగినట్టుంది, కింద నుంచి కేకలేస్తున్నాడు."

"గొడ్డళ్ళతో కొట్టలేరా అండి?"

"కొట్టాం. దెబ్బ పడితే చాలు, నూతి రాళ్ళు జారి అతని మీద పడుతున్నాయి. ట్రాక్టరుతో లాగితే గట్టు మొత్తం కూలుతుంది. ఇద్దరు లాగే చేతిరంపంతో కోద్దామంటే అవతలి గట్టు మీద మనిషి నిలబడే చోటే లేదు."

సవరమ్మ మొగుడి వైపు తిరిగేసరికే అతను నిచ్చెన ఎక్కుతున్నాడు. మాట వినపడకపోయినా సుబ్రహ్మణ్యం గారి చూపు అటక మీదకి పోవడం చూశాడు.

దించి దుమ్ము తుడిచి రెండుసార్లు తాడు లాగాడు. ఉలుకూ లేదు పలుకూ లేదు. ట్యాంకు మూత తీసి వాసన చూస్తే పాత పెట్రోలు ముదిరి పెయింటు డబ్బా కంపు కొడుతోంది. అక్కడే పారబోశాడు. సంచిలో పానాలు, స్ప్రేయర్ సామాన్లు, ఆయిల్ కలిపిన పెట్రోలు క్యాను వేసుకుని మెటాడోర్ ఎక్కాడు. సవరమ్మ కొట్టు తలుపు దగ్గరగా లాగి వెనకే ఎక్కింది. బండి గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంటే అతను రంపాన్ని ఒళ్ళో పెట్టుకుని ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో గీకి శుభ్రం చేశాడు.

తోటలోకి వెళ్ళేసరికి వాన మొదలైంది. నేల నిండా రాలిన కాయలు, కాలు పెడితే జారిపోతున్నాయి. నూతి చుట్టూ ఇరవైమంది ఉన్నారు. ఎవరూ గట్టు దగ్గరికి పోవడం లేదు. బసవపున్నారావు భార్య బుజ్జమ్మ ఒక్కతే గట్టున బోర్లా పడుకుని, కొమ్మల సందులోంచి కిందకి పిలుస్తూనే ఉంది. అతను మగతలోకి పోకుండా ఉండాలని ఒకటే మాటలు, పెళ్ళినాటి మాటలు, పిల్లల మాటలు. చెట్టు లేచిన గుంటలోంచి తోటలో వాననీళ్ళు నూతిలోకి దిగుతున్నాయి.

"నడుం దాకా వచ్చాయంట నీళ్ళు," అంది సవరమ్మ.

రాయప్ప పరదా పట్టా కింద కూర్చున్నాడు. ముందు నిప్పురవ్వ వస్తోందా అని చూశాడు. ప్లగ్గుని ఇంజనుకి ఆనించి తాడు లాగితే సన్నగా, నీలంగా మెరిసింది. అది సరే. పెట్రోలు పోసి లాగాడు. ప్లగ్గు విప్పి చూస్తే ఎండిపోయి ఉంది. పెట్రోలు పైకి రావడం లేదు. పైపు పట్టుకుంటే ఎండుపుల్లలా విరిగింది. స్ప్రేయర్ పైపు ముక్క కోసి బిగించాడు. లాగాడు. మళ్ళీ ఎండు ప్లగ్గే. కార్బురేటర్ విప్పాడు. లోపల జిగురు తేనెలా పేరుకుపోయింది. బ్రేకు తీగలోంచి ఒక పోగు లాగి సన్నటి బెజ్జాలన్నీ పొడిచి, పెట్రోలుతో కడిగాడు. లోపలి పల్చటి రబ్బరు పొర బిరుసెక్కింది గానీ చిరగలేదు. దాన్ని వేళ్ళ మధ్య నలిపి మెత్తబరిచి మళ్ళీ వేశాడు.

"ఇంకా ఎంతసేపు రాయప్పా?" సుబ్రహ్మణ్యం గారు మూడోసారి అడిగారు. సవరమ్మ ఆ మాట మొగుడికి చెప్పలేదు.

ఈసారి లాగితే ఇంజను ఒక్కసారి దగ్గి ఊరుకుంది. జనంలో కదలిక వచ్చింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ ఒక్క దగ్గు. పదిసార్లు లాగాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. ప్లగ్గు తడిసింది, అంటే పెట్రోలు వస్తోంది. రవ్వ ఉంది. తాడు లాగితే ఇంజను ఎదురుతిరుగుతోంది, అంటే లోపల ఒత్తిడీ ఉంది. మూడూ ఉన్నాక లేవాలి. ఎందుకు లేవదు?

"పాత సామాను. నమ్ముకుని కూర్చుంటే మనిషి పోతాడు. గొడ్డళ్ళు తీయండి," అన్నారు వెనక నుంచి ఎవరో. ఇద్దరు లేచారు కూడా. సవరమ్మ వాళ్ళకి అడ్డంగా నిలబడింది. "ఒక్క అయిదు నిమిషాలు ఆగండయ్యా. ఆయన ఇంకా వదల్లేదు."

రాయప్పకి ఇవేవీ తెలియవు. దివిసీమలో దీన్ని ఎన్నిసార్లు లేపాడు! లేచే ముందు సైలెన్సర్ మూతి నుంచి మోకాలికి వెచ్చటి ఊపిరి తగిలేది. అది గుర్తొచ్చి ఆగాడు. ఇందాకట్నుంచీ మోకాలు అక్కడే ఉంది. ఏమీ తగల్లేదు. ఎడమ అరచెయ్యి సైలెన్సర్ మూతికి అడ్డం పెట్టి, కుడిచేత్తో తాడు లాగాడు. ఊపిరి లేదు. లోపలికి వెళ్ళిన గాలి బయటికి రావడం లేదు.

స్క్రూడ్రైవర్ మూతిలో పొడిచాడు. గట్టిగా తగిలింది. తిప్పితే ఎర్రమట్టి రాలింది. మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు సైలెన్సర్ నిండా గూళ్ళు పెట్టుకుని, పిల్లల తిండికి సాలీళ్ళని తెచ్చి దాచుకున్నాయి. ఎండిన సాలీళ్ళు, మట్టి పెళ్ళలు అతని ఒళ్ళో పడ్డాయి. ఆఖరి పెళ్ళ దాకా గీకి, దులిపి, తడిసిన ప్లగ్గు తుడిచి బిగించి తాడు లాగాడు.

రెండో లాగుకి రంపం లేచింది. ఆ అదురు మోచేతుల్లోంచి ఛాతీలోకి పాకితే రాయప్ప కళ్ళు మూసుకుని ఒక్క క్షణం అలాగే ఉండిపోయాడు.

తర్వాత పని మరీ కష్టం. నూతికి అడ్డంగా రెండు నిచ్చెనలు వేసి కట్టారు. వాటి మీద బోర్లా పడుకుని కోయాలి. కొమ్మ తెగి కిందపడితే మనిషి చస్తాడు. అందుకని ప్రతి కొమ్మకీ ముందు తాడు బిగించి గట్టు మీద నలుగురు పట్టుకోవాలి. తోటకాపరి శ్రీరాములు ఏ కొమ్మ బరువు దేని మీదుందో చూసి, ముందు ఏది కోయాలో వేలితో చూపించాడు. రాయప్ప నడుముకి మరో తాడు కట్టారు. దాని కొస సవరమ్మ పట్టుకుంది.

"ఒకసారి గుంజితే ఆపు, రెండుసార్లు గుంజితే కొయ్యి," అని పెదవులతో చెప్పింది. "నేను గుంజితే ఎందుకని అడగమాక, ఆపెయ్."

మొదటి కొమ్మ తేలిగ్గానే తెగింది. నలుగురూ పైకి లాగేశారు. రెండోది తొడంత లావు. రంపం గొలుసు సగానికి దిగిందో లేదో నడుముకి తాడు బిగుసుకుంది. ఒక్కసారే. రాయప్ప రంపం మీట వదిలేశాడు. ఇంజను రెండు సార్లు ఊగి ఆగిపోయింది.

తల తిప్పి భార్యని చూశాడు. ఆవిడ మొహం పాలిపోయింది. అవతలి వైపు రాళ్ళు ఊడి లోపల పడ్డాయి. బుజ్జమ్మ పిలుస్తోంది. నోరు పెద్దదిగా తెరిచి పిలుస్తోంది. కింద నుంచి జవాబు వచ్చిందా లేదా రాయప్పకి తెలిసే దారి లేదు. భార్య మొహం చూస్తూ ఉండిపోయాడు. వాన ఆవిడ నుదుటి మీద నుంచి కారుతోంది. ఆవిడ రెప్ప వేయడం లేదు. తల ఒక పక్కకి వంచి వింటోంది. ఎంతసేపు! తన ఒంట్లో వణుకు నిచ్చెనకి తగిలి, నిచ్చెన వణుకు తిరిగి తన కడుపుకి తగులుతోంది. రాళ్ళు జారింది తన రంపం అదురుకేనేమో అన్న ఆలోచన వచ్చింది.

సవరమ్మ పెదవులు కదిలాయి. "పలికాడు."

మరు నిమిషం తాడు రెండుసార్లు గుంజింది.

బోర్లా పడుకునే రంపం తాడు లాగాడు. లేవలేదు. వేడెక్కిన ఇంజను మొండికేస్తుందని అతనికి తెలుసు. ఒకటి, రెండు, మూడు. నాలుగో లాగుకి లేచింది. ఈసారి మీట వదలకుండా ఆ కొమ్మా, దాని వెనక ఇంకోటీ కోసేశాడు. మూడోది పైకి రాగానే నూతిలోకి వెలుతురు పడింది. నల్లటి నీళ్ళలో గుండెల దాకా మునిగి, ఒక చేత్తో రాయి పట్టుకుని, పైకి చూస్తున్న మనిషి మొహం కనబడింది.

శ్రీరాములు మోకు పట్టుకుని దిగి, కావిడి తట్టలో కూర్చోబెట్టి బసవపున్నారావుని పైకి పంపించాడు. తొడ ఎముక విరిగింది, భుజం జారింది. అదే మెటాడోర్‌లో గడ్డి పరిచి పడుకోబెట్టి నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బుజ్జమ్మ గొంతు పూర్తిగా పోయింది. సవరమ్మ చెయ్యి పట్టుకుని తలూపి బండెక్కింది.

ఆ రాత్రి అన్నం కలుపుకోవడానికి రాయప్ప వేళ్ళు ముడుచుకోలేదు. సవరమ్మే ముద్దలు కలిపి పెట్టింది. రంపంలో రబ్బరు పొర ఆ వేడికే చిరిగిపోయిందని మర్నాడు విప్పితే తెలిసింది. దానికి సరిపోయేది బెజవాడలో కూడా దొరకలేదు.

ఆగస్టులో ఒకరోజు బసవపున్నారావు కర్ర ఊతంతో నడుచుకుంటూ, బుజ్జమ్మని వెంటబెట్టుకుని కొట్టుకి వచ్చాడు. బల్ల మీద కూర్చుని నేల చూస్తూ చాలాసేపు మాట్లాడాడు. రాయప్పకి అతని పెదవులు కనబడలేదు. సవరమ్మ వింటూ ఒకసారి నవ్వింది, ఒకసారి పైటతో కళ్ళు ఒత్తుకుంది.

"ఏమంటాడే?" అన్నాడు రాయప్ప, ఆగలేక.

"నూతిలో ఉన్నంతసేపూ నిన్ను బూతులు తిట్టాడంట. పైన రంపం దగ్గుతోంది, ఆగిపోతోంది, వీడెవడ్రా దొరికాడు నా ప్రాణానికి అని. అప్పట్నుంచీ మనసులో పీకుతోందంట. చెప్పి పోదామని వచ్చాడు."

రాయప్ప పెద్దగా నవ్వాడు. తన నవ్వు తనకి వినపడదు కాబట్టి అది కొట్టు దాటి రోడ్డు దాకా వెళ్ళింది.

"తిట్టక ఏం చేస్తాడు? నేనూ అవే తిట్లు తిట్టాను ఆ రంపాన్ని," అని, టీ చెప్పమని సవరమ్మకి చేత్తో సైగ చేశాడు.